షూటింగ్ నడిపిన తీరుకు పూర్తి మార్కులు, ఎడిటింగ్‌కు వచ్చేసరికి సగమే

మిర్యాలగూడలోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు నాలుగు నిమిషాల పరిచయ వీడియో. రెండు రోజుల షూటింగ్, తర్వాత ఎడిటింగ్, డబ్బింగ్. చేసింది నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి ఒక చిన్న యూనిట్. వీళ్ల కెమెరా, డ్రోన్, లైట్లు జిల్లాలో పెళ్లి వీడియోలు తీసే చాలామంది దగ్గర ఉన్నవే. కొటేషన్‌లో మాత్రం ‘ప్రొడక్షన్ మేనేజర్’ అని వేరే లైను, వేరే రేటు కనిపిస్తాయి. తీసేయమని బేరమాడబుద్ధవుతుంది. తీసేయించొద్దు. పెట్టిన డబ్బుకు తగ్గ పని జరిగింది అక్కడే.

డబ్బు, ఒప్పందం ప్రొడ్యూసర్ చూస్తాడు. షాట్ ఎలా ఉండాలో డైరెక్టర్ చెప్తాడు. ఆ షాట్ తీసే గంటకు మనిషి, కరెంటు, బండి, పర్మిషన్, అన్నం అన్నీ అక్కడ ఉండేలా చూసేది మేనేజర్. ఈ పని కూడా డైరెక్టర్ నెత్తిన పెడితే ఆయన సగం రోజు ఫోన్‌లోనే ఉంటాడు, మానిటర్ ఎవరూ చూడరు. చిన్న యూనిట్లలో ఎక్కువగా పని చెడేది ఇక్కడే.

షూటింగ్‌కు నాలుగు రోజుల ముందు మేనేజర్ ఒక్కడే వచ్చి మిల్లంతా తిరిగాడు. ఫ్రేములు వెతకలేదు, టైములు రాసుకున్నాడు. బాయిల్డ్ రైస్ అంటే వడ్లు నానాలి, ఆవిరి పట్టాలి, డ్రైయర్‌లో ఆరాలి, ఆ తర్వాతే పొట్టు తీయడం, పాలిష్, సార్టెక్స్ (రంగు మారిన గింజల్ని ఏరేసే యంత్రం). ఆవిరి పట్టిన వడ్లు పొగలు కక్కుతూ కిందికి జారే దృశ్యం ఉండేది కొద్దిసేపే. అది తప్పితే ఇంకో బ్యాచ్ దాకా కూర్చోవాల్సిందే. అందుకే బాయిలర్ ఆపరేటర్‌ను అడిగి బ్యాచ్ టైములు తెలుసుకుని, మిగతా షాట్లను వాటి చుట్టూ పేర్చాడు. హమాలీలు లారీ దించే షాట్ పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, సార్టెక్స్ గది మిట్టమధ్యాహ్నం.

కరెంటు సంగతి కూడా అప్పుడే తేల్చాడు. పెద్ద మోటార్లు స్టార్టయినప్పుడు వోల్టేజీ పడుతుంది కాబట్టి, లైట్లకు ఆఫీసు వైపు లైను తీసుకున్నారు. ఇంకో జాగ్రత్త మాకు బాగా నచ్చింది. మన సప్లై 50 హెర్ట్జ్, అంటే పాత ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు వెలుగు పడేలా) తీస్తే అది తెలియదు. 120 ఫ్రేముల్లో స్లోమోషన్ తీస్తే మాత్రం బొమ్మంతా రెపరెపలాడుతుంది. అందుకని బియ్యం ధార స్లోమోషన్ షాట్లన్నీ షెడ్డు బయట ఎండలో పెట్టించాడు.

సినిమావాళ్లకు కాల్షీట్ అంటే ఆర్టిస్టు డేట్లు. ఈ యూనిట్‌లో అదే మాటకు అర్థం, రేపటి పనంతా రాసిన ఒక పేజీ. ముందురోజు సాయంత్రం ఆరింటికల్లా అందరి వాట్సాప్‌కూ వచ్చింది. ఎన్నింటికి రావాలి, లొకేషన్ పిన్, షాట్ల వరస, మిల్లు తరఫున ఎవరిని అడగాలి, టిఫిన్ ఎక్కడ, దగ్గరి ఆస్పత్రి ఏది అన్నీ అందులో ఉన్నాయి.

డ్రోన్ విషయంలో మిల్లువాళ్లు సాగర్ డ్యామ్ మీదుగా షాట్ అడిగారు. మేనేజర్ అక్కడికక్కడే కాదన్నాడు. డ్యామ్ భద్రత ఉన్న చోటు, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే డ్రోన్ పోతుంది, కేసూ అవుతుంది. దానికి బదులు ఎడమ కాల్వ కింది పొలాలు చూపిద్దామన్నాడు, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్, అంటే ముందస్తు పర్మిషన్ అక్కర్లేని చోటు అని చూసుకున్నాకే. గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేస్తే పైలట్‌కు సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం అడగకుండానే చూపించారు. మిల్లు దగ్గర ఊక కుప్పకు దూరంగా దింపించాడు. రెక్కల గాలికి ఊక లేస్తే లెన్సులోకీ కళ్లలోకీ పడుతుంది.

ఫుటేజీ భద్రం కూడా మేనేజర్ లెక్కలోనే. సెకనుకు 100 మెగాబిట్ల (ఎంబీపీఎస్) లెక్కన 4కే తీస్తే గంటకు 45 జీబీ. సాయంత్రం ప్యాకప్ తర్వాత రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూసి, అప్పుడే కార్డులు ఫార్మాట్ చేయనిచ్చాడు. డిస్కుల్లో ఒకటి వేరే బండిలో వెళ్లింది.

ఇంతా చేసి షూటింగ్ అవ్వగానే మేనేజర్ పని అయిపోయిందన్నారు. ఎడిటింగ్‌కు బాధ్యుడంటూ ఎవరూ లేరు, అసలు కష్టం అక్కడ మొదలైంది. మొదటి కట్, అంటే ఎడిట్ చేసిన తొలి రూపం, వాట్సాప్‌లో వీడియోగా పంపారు. వాట్సాప్ దాన్ని కుదించేసింది, రంగులు మసకబారాయని మిల్లువాళ్లు కంగారుపడ్డారు. మార్పులేమో మిల్లు తరఫున ముగ్గురు మూడు వాయిస్ మెసేజుల్లో చెప్పారు. ఒకరు ఉంచమన్న షాట్ ఇంకొకరు తీసేయమన్నారు. పిక్చర్ లాక్ కాకముందే (షాట్ల వరస, నిడివి ఖాయం కాకముందే) డబ్బింగ్ చెప్పించేశారు కాబట్టి, తర్వాత 20 సెకన్లు కోయగానే వాయిస్, మ్యూజిక్ రెండూ మళ్లీ కూర్చాల్సి వచ్చింది. ఒప్పందంలో రెండు రౌండ్ల మార్పులే ఉన్నాయి, మూడోదానికి అదనంగా తీసుకున్నారు. వీడియో మీద వేసిన తెలుగు అక్షరాల్లో వత్తులు విడిపోయాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చుకుంటే సరిపోయే పని ఇది, మార్చమని చెప్పే మనిషే లేడు.

వీళ్లను పెట్టుకునేవాళ్లు మేనేజర్‌ను ఫైనల్ ఫైలు చేతికొచ్చేదాకా ఉంచేలా మాట్లాడుకోండి, రేటు కాస్త పెరిగినా సరే. మీవైపు నుంచి ఒక్కరే మార్పులు చెప్పాలి, నిమిషం, సెకను వేసి, ఒకే కాగితం మీద. కట్‌ను డ్రైవ్ లింకుగా పంపమనండి. డబ్బు అడ్వాన్సు 40 శాతం, షూటింగ్ అయ్యాక 40, ఫైలు ఇచ్చాక 20 అని తీసుకున్నారు, మాట తప్పలేదు. 18 శాతం జీఎస్టీ రేటులో కలిసుందో లేదో ముందే అడగండి. మాస్టర్ ఫైలు (పూర్తయిన వీడియో) డిస్కులో ఇచ్చారు గానీ, మళ్లీ ఎడిట్ చేసుకోడానికి కావాల్సిన ప్రాజెక్ట్ ఫైలు ఇవ్వరు. వచ్చే యాసంగికి కొత్త షాట్లు కలిపే ఆలోచన ఉంటే ప్రాజెక్ట్ ఫైలు కూడా ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి.