కౌబాయ్ సినిమాల్లో తుపాకులు: ఏది నిజానికి దగ్గర?

కౌబాయ్ సినిమా అనగానే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది 1971లో వచ్చిన కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆ టోపీ, ఆ గుర్రం, నడుముకు వేలాడే రివాల్వర్ ఇటలీ వెస్టర్న్‌ల మీదుగా మన దాకా వచ్చాయి. ఆ మోజుతోనే నేను అసలు వెస్టర్న్‌లు చూడటం మొదలుపెట్టాను. చూస్తూ చూస్తూ ఉండగా కన్ను హీరో మొహం మీద నుంచి అతని చేతిలోకి జారింది. ఇది ఏ ఏడాది తుపాకీ? కథ జరుగుతున్నది ఏ ఏడాది?

ఈ ప్రశ్నతో మూడు సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం: జాన్ వేన్ ‘ది కమాంచెరోస్’ (1961), సెర్జియో లియోనె ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966), క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘అన్‌ఫర్గివెన్’ (1992).

‘కమాంచెరోస్’ సంగతి త్వరగా తేలిపోతుంది. కథ 1843 నాటిది. చేతుల్లో ఉన్నవేమో 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్లు, 1892లో వచ్చిన వించెస్టర్ రైఫిళ్లు. అంటే ఒకటి ముప్పై ఏళ్లు, ఇంకొకటి దాదాపు యాభై ఏళ్లు ముందే వచ్చేశాయి. దీన్ని ఒక్క సినిమా తప్పుగా చూడకూడదు. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో ‘ఫైవ్ ఇన్ వన్’ అనే ఉత్తుత్తి తూటా వాడేవారు. రివాల్వర్లలో మూడు సైజులకు, రైఫిళ్లలో రెండు సైజులకు అదొక్కటే సరిపోయేది. సెట్‌లో వందమంది కాల్చాలన్నా ఒకే రకం తూటాల పెట్టె ఉంటే చాలు. ఆ తూటా పట్టేది ఈ కోల్ట్‌లకూ ఈ వించెస్టర్లకూ కాబట్టి, కథ ఏ కాలానిదైనా అవే బయటికి వచ్చేవి. అదే 1843లో టెక్సాస్ మనిషి దగ్గర రివాల్వర్ ఉందంటే, అది ఐదు గుళ్లు పట్టే కోల్ట్ ప్యాటర్సన్ అయి ఉండాలి. అది వచ్చింది 1836లో.

లియోనె సినిమా దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కథ అమెరికా అంతర్యుద్ధం మధ్యలో, 1862లో, న్యూమెక్సికో వైపు జరుగుతుంది. ఇందులోనూ హీరో అయిన ఈస్ట్‌వుడ్ చేతిలో ఉన్నది 1851 కోల్ట్ నేవీ రివాల్వర్. ఏడాది సరిగ్గా కుదిరింది! హాలీవుడ్‌కు లేని సౌకర్యం ఒకటి ఇటలీకి ఉంది. అంతర్యుద్ధానికి వందేళ్లు నిండే సమయానికి, ఆ పాత రివాల్వర్ల నకళ్లను అమెరికాలో అమ్మడానికి ఇటలీలోని గార్డోనే ప్రాంతం వాళ్లు తయారుచేయడం మొదలుపెట్టారు. లియోనె మనుషులకు అవి చేతికందే దూరంలో ఉన్నాయి.

కానీ ఆ రివాల్వర్‌ను దగ్గరగా చూడండి. నిజమైన నేవీ కోల్ట్ నింపాలంటే గుళ్లు పట్టే, గిర్రున తిరిగే సిలిండర్‌లోని ఒక్కో గదిలో తుపాకీ మందు పోయాలి, మీద సీసపు గుండు పెట్టాలి, గొట్టం కింద ఉన్న మీటతో బిగించి దట్టించాలి, వెనక పక్క, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ఒక చిన్న రాగి టోపీ తొడగాలి. ఇలా ఆరుసార్లు. తీరిగ్గా చేసినా కొన్ని నిమిషాలు పడుతుంది. సినిమాలో మాత్రం నడుము బెల్టుకు ఇత్తడి తూటాలు వరసగా కనిపిస్తాయి, వెనక నుంచి టకటకా ఎక్కించేస్తారు. 1862లో అలా కుదరదు. సిలిండర్‌కు ఆ కొస నుంచి ఈ కొస దాకా రంధ్రం తొలిచి తూటా పెట్టే పద్ధతి మీద పేటెంట్ స్మిత్ అండ్ వెస్సన్ చేతిలో ఉండేది. 1869లో దాని గడువు తీరాకే కోల్ట్ వాళ్లు తమ పాత రివాల్వర్లను తూటాలకు అనువుగా మార్చి అమ్మారు. అంటే మోడల్ నిజం, లోపలి పని మాత్రం పదేళ్లు ముందే వచ్చేసింది.

ఇదే సినిమాలో, తుపాకుల కొట్లో నటుడు ఈలై వాలక్ నాలుగైదు రివాల్వర్లు విప్పి, దీని సిలిండర్ దానికి, దాని గొట్టం దీనికి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని గిర్రున తిప్పే సీన్ నాకు ప్రాణం. వేరువేరు కంపెనీల భాగాలు అలా అతకవు. వాలక్‌కు తుపాకుల గురించి పెద్దగా తెలియదు, అక్కడికక్కడే అల్లుకుని చేసిన నటన అది. అయినా ఆ మనిషికి తుపాకీ అంటే పనిముట్టు అనీ, దాని మంచిచెడ్డలు చేత్తో తడిమి తెలుసుకుంటాడనీ ఆ సీన్ చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు.

ఇక ‘అన్‌ఫర్గివెన్’. కథ 1880లో మొదలవుతుంది. ‘స్కోఫీల్డ్ కిడ్’ అనే కుర్రాడు తన పేరుకే తగిలించుకున్న స్కోఫీల్డ్ రివాల్వర్ 1875 నాటిది, మధ్యకు విరిస్తే కాల్చేసిన తూటాల ఖాళీ డొప్పలన్నీ ఒక్కసారే బయటికి వస్తాయి. మోర్గాన్ ఫ్రీమన్ పాత్ర దగ్గర స్పెన్సర్ రైఫిల్ ఉంటుంది. అంతర్యుద్ధం నాటిది, ఏడు తూటాలు భుజానికి ఆనించే కొయ్య మడమలోని గొట్టంలో ఉంటాయి. 1880 నాటికి ఆ కంపెనీయే లేదు. నాకు నచ్చింది సరిగ్గా ఇదే. పొలం దున్నుకుని బతికే మాజీ నేరగాడు కొత్త మోడల్ ఎందుకు కొంటాడు? ఉన్న పాతదాన్నే నూనె రాసి దాచుకుంటాడు. ఏడాది లెక్క చూసేవాళ్లు కథ కంటే తర్వాత వచ్చిన తుపాకీ ఉందేమోనని మాత్రమే వెతుకుతారు. నిజానికి మనుషుల చేతుల్లో ఎక్కువగా ఉండేవి పాతవే.

తుపాకీ నడిచే తీరు కూడా ఇందులో నమ్మేలా ఉంటుంది. ఈస్ట్‌వుడ్ చెట్టు మొద్దు మీద డబ్బా పెట్టి రివాల్వర్‌తో కాలుస్తాడు, ఒక్కటీ తగలదు. విసిగిపోయి ఇంట్లోకెళ్లి షాట్‌గన్ తెచ్చి దాన్ని ఎగరగొడతాడు. చివరి సెలూన్ సీన్‌లో, సరిగ్గా కావలసిన క్షణంలో ఆ షాట్‌గన్ పేలదు. ఊళ్లోకి ఆయుధాలు తేకూడదన్న బోర్డు కూడా కల్పన కాదు. అమెరికాలో అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊళ్లో 1881లో అలాంటి నిబంధనే ఉండేది. అదే ఏడాది అక్టోబరు 26న ఓ.కె. కొరాల్ దగ్గర జరిగిన కాల్పులకు ఒక కారణం అదే. ఆ రోజు కొన్ని అడుగుల దూరం నుంచి, అర నిమిషంలో ముప్పై దాకా తూటాలు పేలాయి. చనిపోయింది ముగ్గురు. అంత దగ్గర నుంచి కూడా చాలా గుళ్లు గాలిలోకే పోయాయన్నమాట.

అందుకే తుపాకుల కోసమే చూస్తానంటే నా ఓటు ‘అన్‌ఫర్గివెన్’కే. లియోనెది రెండో స్థానం, అదీ ఇటలీ నకళ్ల పుణ్యమా అని. ‘కమాంచెరోస్’ను జాన్ వేన్ కోసం చూడండి. ఒక్క లోటు మాత్రం ఈ తరహా సినిమాల్లో చాలావాటికి ఉంది. ఆ కాలపు నల్లటి తుపాకీ మందుతో నాలుగు తూటాలు పేలేసరికి గది నిండా తెల్లటి పొగ కమ్మేది, ఎదురుగా ఉన్న మనిషి కనిపించేవాడు కాదు. పొగరాని తుపాకీ మందు ఫ్రాన్స్‌లో తయారైందే 1884లో. తెర మీద హీరో మొహం కనబడాలి కాబట్టి ఆ పొగను పల్చగానే ఉంచేస్తారు.