ఎలుగుబంటి ఫొటోల కోర్సు అని డబ్బులు కట్టించుకుంటున్నారు, కట్టే ముందు ఇది చదవండి

నాకు పోయింది 4,999 రూపాయలు. పెద్ద మొత్తం కాదులే, నోరు మూసుకుని కూర్చుందాం అనుకున్నాను. కానీ మొన్న మా బావమరిది అదే యాడ్ నాకు పంపించి "బావా, ఇందులో చేరమంటావా" అని అడిగాడు, వాడి స్నేహితులిద్దరు అప్పటికే కట్టేశారట, ఇక ఊరుకోబుద్ధి కాలేదు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు రాయను. గుర్తులు చెప్తాను, చూస్తే మీకే తెలిసిపోతుంది.

నాది అమలాపురం పక్కన పల్లెటూరు, ఎరువుల కొట్టు ఉంది, ఆదివారాలు కెమెరా పిచ్చి. కోరింగ మడ అడవులు, పక్షులొచ్చే రోజుల్లో కొల్లేరు దగ్గర ఆటపాక, ఇవీ నేను తిరిగే చోట్లు. ఎలుగుబంటి మాత్రం తీరని కోరిక. మన కొబ్బరితోటల్లో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఉద్దానం జీడితోటల్లోకి వస్తాయిగానీ అక్కడ జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే మనం లెన్స్ భుజాన వేసుకుని వెళ్ళడం బాగోదు. అందుకని పోయిన జనవరిలో సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోస్పేటలో దిగి, హంపీ దగ్గరున్న దరోజీ వెళ్ళాను. ఎలుగుబంట్ల కోసమే 1994లో పెట్టిన అభయారణ్యం అది. మధ్యాహ్నం ఫారెస్ట్ వాళ్ళు బండల మీద బెల్లం పాకంలాంటిది పూసి వెళ్ళిపోతారు, ఎలుగులు గుట్ట దిగొచ్చి నాకుతాయి, మనం దూరంగా వాచ్ టవర్ మీద నుంచి చూడాలి.

వచ్చాయండి! ఒక తల్లి, వీపు మీద పిల్లని ఎక్కించుకుని బండ మీద నుంచి దిగుతోంది, చేతులు వణికాయి నాకు. ఆరువందల పైచిలుకు ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే ఎండకి మెరిసిపోతున్న తెల్ల బండలు, వాటి మధ్య బొగ్గు ముద్ద. కళ్ళు లేవు, మూతి లేదు, బొచ్చు లేదు.

ఆ బాధలో ఉండగా ఫోన్లో కనబడింది యాడ్. "ఎలుగుబంటి ఫొటోలు అద్భుతంగా తీయండి, ఎడిట్ చేయండి, అంతా తెలుగులో." 1,499 కడితే వీడియోలు, 300 ప్రీసెట్లు. ఇంకో 3,500 కడితే మన ఫొటోలు పది తీసుకుని నిపుణుడు స్వయంగా చూసి, తప్పులు చెప్పి, ఒకటి ఎడిట్ చేసి చూపిస్తాడు. "ఈ రాత్రి 12 దాకానే ఈ రేటు" అని గడియారం తిరుగుతూ ఉంటుంది (వారం తర్వాత చూసినా ఆ గడియారం అలాగే తిరుగుతోంది). రెండూ కట్టేశాను.

వీడియోలు తెరిస్తే అలాస్కా. అక్కడి బ్రూక్స్ జలపాతం దగ్గర గోధుమరంగు ఎలుగులు సాల్మన్ చేపలు పట్టుకునే దృశ్యాలు, దాని మీద తెలుగు వాయిస్. ఒక వీడియో మొత్తం మంచు ఎలుగుల మీద. మన నల్ల ఎలుగు ఒక్క ఫ్రేములో లేదు. తేడా ఏముందిలే అనుకోకండి, అసలు గొడవంతా అక్కడే ఉంది. గోధుమరంగు బొచ్చులో వెలుగు నిలుస్తుంది, కెమెరాకి కష్టం లేదు. మన ఎలుగు కారునలుపు, మూతి మాత్రం బూడిద తెలుపు, ఛాతీ మీద తెల్లగా వి ఆకారం గుర్తు. ఒకే జంతువులో ఆ కొస నుంచి ఈ కొస దాకా వెలుగు తేడా.

ఇక ప్రీసెట్లు. ప్రీసెట్ అంటే మంత్రం కాదు, ఎవరో తన ఫొటోకి జరుపుకున్న స్లైడర్ల అంకెలు, అంతే. వాళ్ళది ఒకటి తెరిచి చూస్తే షాడోస్ (నీడ భాగాల వెలుగు) ప్లస్ 80, క్లారిటీ (అంచుల తేట) ప్లస్ 50, పైన నారింజ రంగు పూత. నా తల్లి ఎలుగు మీద వేశాను. నల్లబొచ్చు బూడిదరంగు తిరిగి అందులో వంకాయ రంగు మచ్చలు లేచాయి, ఒంటి చుట్టూ తెల్ల గీత, ఛాతీ మీద గుర్తు పసుపు రాసినట్టు అయిపోయింది. చీకట్లో ఉన్నదాన్ని బలవంతంగా పైకి లాగితే దాంతోపాటు నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు మచ్చలు, కూడా పైకి వస్తుంది, జేపెగ్ (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్) అయితే మరీ ఘోరం. ఈ ఒక్క ముక్క కోర్సులో ఎక్కడా లేదు.

అసలు సంగతి ఇప్పుడు వినండి. పది ఫొటోలు పంపాను. నాలుగు రోజులకి పదింటికీ కలిపి నాలుగు లైన్లు వచ్చాయి: జంతువుని మూడో వంతు గీత మీద పెట్టండి, క్రాప్ టైట్‌గా చేయండి (అంటే చుట్టూ ఉన్నది కత్తిరించేయండి), కళ్ళు షార్ప్ చేయండి, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేయండి. బావమరిది స్నేహితుడొకడు పులికాట్‌లో తీసిన ఫ్లెమింగోలు పంపితే వాడికీ అక్షరం పొల్లు పోకుండా ఇవే నాలుగు లైన్లు.

టైట్‌గా క్రాప్ చేయమన్నాడు కదా, లెక్క చూడండి. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా, 6000 బై 4000. ఆ ఎలుగుని ఫ్రేము నిండా తేవాలంటే 1500 బై 1000 మిగులుతుంది, అంటే ఒకటిన్నర మెగాపిక్సెల్. వాట్సాప్ స్టేటస్‌కి సరిపోతుంది, గోడకి కాదు. పైగా మిట్టమధ్యాహ్నం దాటిన ఎండలో బండల మీద నుంచి సెగ లేస్తుంది, అంత దూరం నుంచి తీస్తే ఆ సెగలో బొచ్చు అంచులు కరిగిపోతాయి, ఎంత ఖరీదు లెన్స్ అయినా సరే. షార్ప్‌నెస్ స్లైడర్ ఎంత జరిపినా లేనిది రాదు.

ఎడిట్ చేసి పంపిన ఒక్క ఫొటో చూసి మా ఆవిడ పడీపడీ నవ్వింది. దరోజీ బండల మీద మంచు కురుస్తోంది! బెల్లం మరక మాయం. ఛాతీ మీద గుర్తు మాయం. వీపు మీదున్న పిల్లని ఏఐ ఏమనుకుందో ఏమో, తల్లి ఒంట్లో కలిపేసి నున్నగా మూపురం చేసేసింది. మూపురం ఉండేది గోధుమరంగు ఎలుగుకి, మనదానికి కాదు. నేను అంత దూరం వెళ్ళిందే ఆ పిల్ల కోసం. అడిగితే "సార్, ఇది క్రియేటివ్ ఎడిట్" అన్నాడు. ఇలాంటిది పోటీకి పంపితే పరువు కూడా పోతుంది, పెద్ద పోటీల్లో ఒరిజినల్ రా ఫైల్ (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైల్) అడుగుతారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ పోటీలో గెలిచిన చీమలు తినే జంతువు ఫొటోలో ఉన్నది చచ్చిన జంతువు చర్మంలో కూరి నిలబెట్టిన బొమ్మ అని నిపుణులు తేల్చాక, 2018లో ప్రైజు వెనక్కి తీసుకున్నారు.

డబ్బు వెనక్కివ్వమంటే "డిజిటల్ ప్రొడక్ట్, రిఫండ్ లేదు బ్రో" అన్నాడు. అప్పటిదాకా సార్, ఇప్పుడు బ్రో. ఆ తర్వాత నెంబరు బ్లాక్.

ఇంకో ప్రమాదం ఉంది, డబ్బు కంటే పెద్దది. అదే మనిషి "పాపికొండల్లో ఎలుగుబంటి ఫొటో టూర్, కనబడటం గ్యారంటీ" అని మెసేజ్‌లు పెడుతున్నాడు. అది 2008 నుంచి నేషనల్ పార్కు. ఫారెస్ట్ వాళ్ళ అనుమతి లేకుండా లోపలికి వెళ్తే కేసు, ఎర వేసి రప్పిస్తే ఇంకా పెద్ద కేసు, ఎలుగు 1972 చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు కనబడుతుందని ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు. దగ్గరలో హఠాత్తుగా ఎదురుపడితే పారిపోదు, మీద పడుతుంది, ముఖం మీదే. దయచేసి వెళ్ళకండి.

నా ఫొటో సంగతి ఏమైందంటే, చివరికి మా ఊరి స్టూడియో బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. రీలు కాలం నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి, అడవి జంతువుని జన్మలో తీయలేదు. చూసి, "ఒరేయ్, నల్ల సూటు వేసుకున్న పెళ్ళికొడుకు, వెనకాల తెల్లటి స్టేజి. రోజూ నేను పడే తలనొప్పే కదరా ఇది" అన్నాడు. మర్నాడు ఆరింటికి కాలువ గట్టు మీదికి రమ్మన్నాడు. అక్కడ గేదె. నల్లటి ఒళ్ళు, నల్లటి కళ్ళు, తడి ముక్కు, అచ్చం అదే చిక్కు! గేదె ఫ్రేము నిండా ఉంటే కెమెరా నలుపుని బూడిదరంగు చేయబోతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ మైనస్‌కి దించాలి. గేదె చిన్నగా, చుట్టూ వెలుతురు నీళ్ళు ఉంటే అదే కెమెరా గేదెని బొగ్గు చేస్తుంది, అప్పుడు వెలుతురు భాగం తెల్లగా పేలిపోకుండా ఎంతవరకు పెంచొచ్చో హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే కెమెరా గ్రాఫ్) చూసుకుని అంతవరకు పెంచాలి. తల ఎత్తి ఎండవైపు తిరిగినప్పుడు కంట్లో చుక్కంత మెరుపు వస్తుంది, అప్పుడు నొక్కాలి, అది లేకపోతే కన్నే లేనట్టు. గేదె వీపు మీద కొంగ వాలితే "అదిగో నీ ఎలుగు పిల్ల, రెండూ వేరువేరుగా కనబడేదాకా ఆగు" అన్నాడు. పైసా తీసుకోలేదు, ఉప్మా పెసరట్టు మాత్రం నా చేత పెట్టించాడు.

తర్వాత నా రా ఫైల్ తెరిచి, క్రాప్ దాదాపు తీసేసి, గుట్ట మొత్తం ఉంచాడు. మూడు పెద్ద బండలు, వాటి మీద నుంచి దిగుతున్న చిన్న ఎలుగు, అది నడిచే వైపు ఖాళీ. ఎలుగు మీద మాత్రం మాస్క్ వేసి (మార్పు దానికే తగిలేలా) షాడోస్ కొద్దిగా, ప్లస్ 25 దాకా. నలుపు నలుపులాగే ఉంది, పిల్ల పిల్లలాగే ఉంది. అదే ఇప్పుడు మా కొట్లో గోడ మీద ఉంది.

ఇలాంటి కోర్సు ఏదైనా సరే, కట్టే ముందు ఒక పని చేయండి. మీ దగ్గరున్న చెత్త ఫొటో, నల్ల జంతువుది, కనీసం మీ గేదెది, రా ఫైల్ పంపించి వీడియో కాల్‌లో మీ ఎదురుగా ఎడిట్ చేయమనండి. పని తెలిసినవాడికి పది నిమిషాలు. వంక పెడితే వదిలేయండి. ఇప్పటికే కట్టి మోసపోయినవాళ్ళు 1915కి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టండి, యాడ్ స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు, చాట్ అన్నీ దాచుకోండి. ఖాతాలోంచి మీకు తెలియకుండా ఇంకా డబ్బు లాగినట్టయితే ఆలస్యం చేయకుండా 1930, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. నేను 1915లో పెట్టి మూడు వారాలైంది. నా అనుమతి లేకుండా నా ఫొటోని "మా విద్యార్థి ఫొటో, ముందు, తర్వాత" అని యాడ్‌లో పెట్టుకున్నారు, దాన్ని తీసేయమని కూడా అందులో రాశాను. ఈ ఉదయం చూశాను, నా దరోజీ ఎలుగు ఇంకా మంచులోనే నడుస్తోంది, పిల్ల లేకుండా.