కడప బండలు తీయకుండానే వంటగది మార్చుకున్నాం: ఐదేళ్ల వాడకం తర్వాత

మాది విజయవాడలో 2002లో కట్టిన అపార్ట్‌మెంటు. వంటగది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద తలుపుల్లేని కడప బండ అరలు, పైన సజ్జ. 2020 చివర్లో అదంతా తీసేసి మాడ్యులర్ పెట్టించడానికి 3 లక్షల 20 వేలు అవుతుందన్నారు. మేం గట్టునీ అరల్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, మిగతావి మార్చుకున్నాం. 90 వేల లోపే తేలింది. అప్పటి నుంచి రెండు పూటలా అందులోనే వంట.

కొటేషన్ ఇచ్చినాయన ముందుగా తీసేయమన్నది కడప బండల్నే. మా మేస్త్రి మాత్రం, "అమ్మా, ఇంత మందం బండలు ఊరికే తీయించకండి, వీటికి తలుపులు బిగిస్తే సరిపోద్ది" అన్నాడు. ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజమైంది. మాడ్యులర్‌లో ఆ చోటికి వచ్చేది ప్లైవుడ్ పెట్టెలు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అయితే తడికి బాగా ఆగుతుంది కానీ ధర ఎక్కువ. రేటు తగ్గించాలంటే చాలామంది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక, వాడతారు. మా ఆడపడుచు వాళ్లు అదే ఏడాది బోర్డుతో మొత్తం కొత్తగా చేయించుకున్నారు. మూడో వానాకాలానికి సింకు కింద అంచు ఉబ్బిపోయి తలుపు పడటం లేదు. మా బండకి చెద పట్టదు, నీళ్లు తగిలినా ఉబ్బదు, పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టినా వంగదు.

ఒక్క జాగ్రత్త కావాలి. కడప బండ సున్నపురాయి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పడితే నురగ వచ్చి, తెల్లటి మచ్చ మిగులుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు తుడవకుండా వదిలేసినా అక్కడ నునుపు పోతుంది. అందుకే మా ఆవకాయ జాడీల కింద ఎప్పుడూ స్టీలు పళ్లేలుంటాయి. పైనున్న గ్రానైట్‌కి ఈ బాధ లేదు.

తలుపుల కోసం బండల ముందు అల్యూమినియం ఫ్రేము బిగించి, పీవీసీ షీటు తలుపులు పెట్టించాం. తలుపులు ఇప్పటికీ బాగున్నాయి. సింకు పక్కవాటి కీళ్లు మాత్రం తుప్పు పట్టాయి, పోయినేడు మార్చాం. అరలు రెండడుగుల లోతు కాబట్టి లోపలి డబ్బా కావాలంటే ముందున్నవన్నీ తీయాల్సి వచ్చేది. రెండు అరలకి పక్కల చెక్క బిగించి, చానెళ్ల మీద జారే స్టీలు బుట్టలు పెట్టించాం. చేసిన పనులన్నిట్లోకీ నాకు బాగా సుఖమిచ్చింది ఇదే. వంగి వెతుక్కునే పని తప్పింది.

సింకు కొనేటప్పుడు 304 గ్రేడ్ స్టీలే అడగండి. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి కాబట్టి ఉప్పు తగిలినా తొందరగా తుప్పు పట్టదు. కొట్లో అయస్కాంతం పెట్టి చూపించి "ఇదిగో, అంటుకోలేదు, 304" అంటారు. కానీ అంతకంటే తక్కువ రకమైన 202 గ్రేడ్‌కీ అయస్కాంతం అంటుకోదు. సింకు మీద గ్రేడు ముద్ర చూసి, బిల్లులో రాయించుకోవడమే మార్గం. మా బోరు నీళ్లకి తెల్ల చారలు పడతాయి గానీ, ఇన్నేళ్లలో ఎక్కడా తుప్పు చుక్క లేదు.

గోడ టైల్స్ కూడా మార్చలేదు. టైల్స్ మధ్య పాత సిమెంటు జాయింట్లు గీకించి, వాటిలో ఎపాక్సీ గ్రౌటు (గట్టిపడే రెసిన్ ముద్ద) నింపించాం. సిమెంటు జాయింటు నూనె పీల్చుకుని నల్లబడుతుంది, ఎపాక్సీ పీల్చుకోదు. పొయ్యి వెనక తాలింపు చిట్లిన చోట గుడ్డతో తుడిస్తే పోతుంది. తెలుపు రంగు మాత్రం వద్దు, పసుపు మరక కనిపిస్తుంది. మాది బూడిద రంగు. టైల్స్ మీద అంటించే వినైల్ స్టిక్కర్లు మాత్రం వేయించుకోమని నేనెవరికీ చెప్పను. మేం అంటించినవాటిలో కిటికీ వైపువి నిలిచాయి, పొయ్యి వెనకవి వేడికి అంచులు లేచి, జిగురులో జిడ్డు చేరి, ఏడాదిన్నరకే పీకేయాల్సి వచ్చింది.

గట్టు మీద సజ్జ అంచు కింద ఎల్‌ఈడీ పట్టీ పెట్టించాం. ఖర్చు రెండు వేలు కూడా కాలేదు. బియ్యంలో రాళ్లేరుకునేటప్పుడు నా నీడే నాకు అడ్డొచ్చేది, ఇప్పుడా టెన్షన్ లేదు.

ఇలా చేస్తే తీరని ఇబ్బంది ఒకటుంది, గట్టు ఎత్తు. మాది 30 అంగుళాలు. ఇప్పుడు 34 దాకా కడుతున్నారు. పొయ్యి దగ్గర పర్వాలేదు, పొయ్యి ఎత్తు కలుస్తుంది కాబట్టి. కూరగాయలు తరిగేటప్పుడే నడుం పట్టేస్తుంది. కాళ్లున్న చెక్క పీట ఒకటి చేయించి దాని మీద తరుగుతున్నా, కాస్త నయం. మీరు పొడగరులై, ఈ నొప్పి రోజూ ఉంటే మాత్రం గట్టు మార్చడమే మంచిది. గోడ లోపలి పైపులు కారి చెమ్మ ఊరుతున్నా అంతే, ముందు గోడ పగలగొట్టి పైపులు మార్చాలి, తలుపులూ రంగులూ ఆ తర్వాత. ఓవెన్, ఇండక్షన్ లాంటివి వాడేవాళ్లు పాత వైరింగు కూడా చూపించుకోండి. మేం 16 ఆంపియర్ల ప్లగ్గుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించాకే ఓవెన్ కొన్నాం.