సాఫ్ట్‌వేర్ ఎస్క్రో ఒప్పందం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా ఆర్డర్లు, స్టాకు, బిల్లింగ్ అన్నీ ఒక చిన్న కంపెనీ రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఆ కంపెనీ మూతపడితే మా గతేంటన్న టెన్షన్‌తోనే ఎస్క్రో ఒప్పందం పెట్టుకున్నాం. వెండర్, అంటే సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీ, తన సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) ఎస్క్రో ఏజెంట్ అనే మూడో పక్షం దగ్గర డిపాజిట్ చేస్తాడు. ఒప్పందంలో రాసుకున్న పరిస్థితి వచ్చిందంటే ఏజెంట్ దాన్ని మనకు అప్పగిస్తాడు. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నాను, పెట్టిన డబ్బు దండగ కాలేదు. అయితే దాన్ని నిలబెట్టింది బిల్డ్ వెరిఫికేషనే, అంటే డిపాజిట్ చేసిన కోడ్‌తో సాఫ్ట్‌వేర్ నిజంగా తయారవుతుందో లేదో చేసి చూడటమే.

మామూలు ప్యాకేజీలో ఏజెంట్ చేసే పని తక్కువ. ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, వైరస్ ఉందా అని చూసి, జాబితా పంపుతారు. ఆ ఫైళ్లతో సాఫ్ట్‌వేర్ తయారవుతుందో లేదో దాన్నిబట్టి తెలియదు. అందుకే అదనంగా చెల్లించి పూర్తి బిల్డ్ పరీక్ష చేయించాం. ఏజెంట్ తరఫు ఇంజనీరు ఏమీ లేని కొత్త మెషీన్ తీసుకుని, డిపాజిట్‌లో ఉన్న ఫైళ్లు, వెండర్ రాసిచ్చిన సూచనలు మాత్రమే పెట్టుకుని కూర్చున్నాడు. బిల్డ్ మొదట్లోనే ఆగిపోయింది. అది అడిగిన లైబ్రరీ (ముందే రాసిపెట్టుకుని వాడుకునే కోడ్) వెండర్ సొంత ప్యాకేజీ సర్వర్‌లో ఉంది, డిపాజిట్‌లో లేదు. అది తెప్పించాక ఇన్‌స్టాలర్‌కు సైనింగ్ సర్టిఫికెట్ (సాఫ్ట్‌వేర్ ఎవరిదో చూపే డిజిటల్ సంతకానికి వాడేది) కావాల్సి వచ్చింది, అదీ లేదు. సూచనల్లో ఒకచోట 'కాన్ఫిగ్ ఫైలు మామూలుగానే సెట్ చేసుకోవాలి' అని ఉంది. ఆ 'మామూలుగా' ఏమిటో వెండర్ దగ్గరి సీనియర్ ఇంజనీరు ఒక్కడికే తెలుసు! వాళ్లు కావాలని దాచారని నేను అనుకోను. రోజూ అన్నీ సిద్ధంగా ఉన్న మెషీన్ల మీద పని చేసేవాళ్లకు ఏది లేదో కనబడదు. తర్వాత లైబ్రరీల వెర్షన్లు, డేటాబేస్ స్క్రిప్టులు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ల పాస్‌వర్డులతో సహా డిపాజిట్ మళ్లీ చేశారు. ఇప్పుడు బిల్డ్ వస్తోంది. ఆ సూచనలనే వెండర్ తన కొత్త ఉద్యోగులకు కూడా ఇస్తున్నాడట, వినడానికి సంతోషంగా అనిపించింది.

డిపాజిట్ ఎప్పటికప్పుడు తాజాగా ఉండటం కూడా ముఖ్యమే. మాది గిట్ (కోడ్‌లో చేసే మార్పులన్నీ భద్రపరిచే వ్యవస్థ) నుంచి ప్రతి రిలీజ్‌కు ఆటోమేటిక్‌గా వెళ్తుంది. ఏజెంట్ పంపే మెయిల్‌లో మొదట్లో 'డిపాజిట్ అందింది' అని మాత్రమే ఉండేది. పట్టుబట్టి వెర్షన్ నంబరు కూడా పెట్టించాం. మా స్క్రీన్ మీద కనబడే నంబరూ అదీ ఒకటేనా అని ప్రతిసారీ సరిచూస్తాం. రెండు నిమిషాల పని.

ఒప్పందంలో లాయర్ దగ్గర ఎక్కువ సేపు కూర్చోవాల్సింది కోడ్ ఎప్పుడు విడుదల చేయాలన్న భాగం మీద. దివాలా ఒక్కటే రాసుకుంటే చాలదు. దివాలా తీసినంత మాత్రాన ఒప్పందం మారిపోయేలా రాసుకున్న క్లాజులు చాలా దేశాల్లో కోర్టు ముందు నిలవకపోవచ్చు. అమెరికాలో 1988లో దివాలా చట్టానికి చేర్చిన 365(ఎన్) సెక్షన్ లైసెన్స్ తీసుకున్నవాళ్లకు కొంత రక్షణ ఇస్తుంది, అన్నిచోట్లా అలాంటిది లేదు. అందుకే మేం సపోర్ట్ ఆగిపోవడం, తీవ్రమైన లోపానికి గడువులోగా స్పందించకపోవడం, కంపెనీ చేతులు మారాక కొత్త యజమాని బాధ్యత తీసుకోకపోవడం కూడా చేర్చాం. కోడ్ వాడుకునే లైసెన్స్ సంతకం రోజు నుంచే అమల్లో ఉన్నట్టు, బయటి ప్రోగ్రామర్లతో మార్పులు చేయించుకోవచ్చని కూడా రాయించాం. ఇది లేకపోతే కోడ్ చేతికొచ్చినా బాగుచేసే మనిషికి చూపించలేం. మనం కోడ్ అడిగాక వెండర్ అభ్యంతరం చెప్పడానికి గడువు, గొడవ త్వరగా తేలే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) పద్ధతి కూడా ఉండాలి.

ఒక మాడ్యూల్ క్లౌడ్‌కు మారాక సోర్స్ కోడ్ ఒక్కటీ సరిపోలేదు. డేటా బ్యాకప్, సర్వర్లను నిలబెట్టే స్క్రిప్టులు, క్లౌడ్ ఖాతా యాక్సెస్ అన్నీ కావాలి. వెండర్ క్లౌడ్ బిల్లు కట్టకపోతే సర్వీసే ఆగిపోతుంది కాబట్టి, ఆ బిల్లు మేం కట్టే వీలు కూడా పెట్టుకున్నాం. దీనికి ఫీజు బాగా పెరిగింది.

నచ్చనివీ ఉన్నాయి. ఏటా రెన్యూవల్ ఫీజు, పరీక్ష చేయించిన ప్రతిసారీ వేరే ఫీజు. డేటా ఎగుమతి చేసుకుని కొన్ని వారాల్లో ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారిపోగలిగితే ఎస్క్రో వద్దనే చెబుతాను. ఫీజు వెండర్ కట్టేలా రాసుకుంటే, అతను మానేసిన వెంటనే ఒప్పందం రద్దు కాకూడదు. ఏజెంట్ ముందుగా మనకు తెలపాలి, మనం కట్టి కొనసాగించుకునే హక్కు ఉండాలి.

కోడ్ విడుదల చేయించాల్సిన అవసరం మాకు ఇంతవరకు రాలేదు. వెండర్‌ను వేరే కంపెనీ కొన్నప్పుడు మాత్రం, మేం వాడే వెర్షన్‌కు సపోర్ట్ ఆపేస్తామన్నారు. సపోర్ట్ ఆగితే కోడ్ విడుదల చేయాలన్న ఎస్క్రో క్లాజును చూపుతూ మా లాయర్ లేఖ రాశాక చర్చలకు వచ్చారు. సపోర్ట్ ఇప్పటికీ నడుస్తోంది. పెద్ద వెర్షన్ వచ్చిన ప్రతిసారీ బిల్డ్ పరీక్ష తప్పనిసరి చేయాలని వచ్చే రెన్యూవల్‌లో అడగబోతున్నాం.