జిన్స్ కాంప్లెక్స్: 2007 క్రిస్టలా, 2020 క్రయో-ఈఎమ్మా, ఏది మేలు?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే తిరుపతిలో బయోటెక్, బయోకెమిస్ట్రీ, బయోఇన్ఫర్మాటిక్స్ పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఎస్వీ యూనివర్సిటీ వాళ్లూ అడుగుతారు, పద్మావతి మహిళా యూనివర్సిటీ వాళ్లూ అడుగుతారు. "మానవ జిన్స్ మీద డాకింగ్ చేయాలి మేడమ్. పీడీబీలో ఇన్ని కనిపిస్తున్నాయి, ఏది తీసుకోమంటారు?" విడివిడిగా ఎంతమందికి చెప్పినా కొత్త బ్యాచ్ మళ్లీ అడుగుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. కొత్తవాళ్లకు రెండు మాటలు: జిన్స్ అంటే కణం డీఎన్ఏకి నకలు తీసే పనిలో (రెప్లికేషన్) పాల్గొనే ఎస్ఎల్‌డీ5, పీఎస్ఎఫ్1, పీఎస్ఎఫ్2, పీఎస్ఎఫ్3 అనే నాలుగు ప్రొటీన్ల కాంప్లెక్స్. పీడీబీ అంటే ప్రొటీన్ స్ట్రక్చర్ల డేటాబేస్, డాకింగ్ అంటే మందు అణువు ప్రొటీన్‌కి ఎక్కడ ఎలా అతుకుతుందో కంప్యూటర్‌లో చూడటం.

చాలామంది రిజల్యూషన్ (స్ట్రక్చర్‌లో వివరం ఎంత సూక్ష్మంగా కనిపిస్తుందో చెప్పే అంకె) చూసి తేల్చేస్తారు. 2007లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్, పీడీబీ కోడ్ 2ఈ9ఎక్స్‌ది 2.3 ఆంగ్‌స్ట్రామ్‌లు. 2020లో క్రయో-ఈఎమ్‌తో (గడ్డకట్టించిన నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) వచ్చిన సీఎమ్‌జీ హెలికేజ్, అంటే జిన్స్ కూడా భాగమైన, డీఎన్ఏ పోగుల్ని విడదీసే యంత్రం, 6ఎక్స్‌టీఎక్స్‌ది 3.29. అంకె తక్కువుంటే మంచిది కదా అని మొదటిది డౌన్‌లోడ్ చేసుకుంటారు. అంకె వరకు అది నిజమే. కానీ జిన్స్ విషయంలో నేను ముందు చూసేది పీఎస్ఎఫ్1 తోక ఉందా లేదా అని.

పీఎస్ఎఫ్1 పొడవు 196 అమైనో ఆమ్లాలు. వాటిలో చివరి 50 దాకా కలిసి ఒక చిన్న సి-టెర్మినల్ డొమైన్ అవుతాయి, తోక అంటున్నది దీన్నే. నాలుగు ప్రొటీన్లు ఒకటిగా నిలబడటానికి ఈ ముక్క అవసరం లేదు. తీసేసినా కాంప్లెక్స్ గట్టిగానే ఉంటుంది. కానీ అది లేకపోతే జిన్స్ క్రొమాటిన్‌కి (కణంలో ప్రొటీన్లకు చుట్టుకుని ఉండే డీఎన్ఏ) అంటుకోదు, రెప్లికేషన్ జరగదు. 2ఈ9ఎక్స్ ప్రచురించిన బృందమే ఈ సంగతి తేల్చింది. అయినా వాళ్ల క్రిస్టల్‌లో ఆ ముక్క లేదు, ఎందుకంటే అది లింకర్‌కి (రెండు డొమైన్లను కలిపే వదులు ముక్క) వేలాడుతూ అటూ ఇటూ ఊగుతుంది, అలా ఊగేది ఉంటే మంచి క్రిస్టల్ రావడం కష్టం. అదే ఏడాది ఇంకో బృందం పూర్తి పొడవు ప్రొటీన్లతో 2క్యూ9క్యూ తెచ్చింది. అక్కడ తోక క్రిస్టల్‌లో ఉంది గానీ ఎలక్ట్రాన్ డెన్సిటీలో (అణువుల్ని కూర్చోబెట్టే మ్యాప్) కనపడలేదు.

ఇక్కడే పిల్లలు దెబ్బతింటున్నారు. పీడీబీ ఫైల్లో రిమార్క్ 465 చూస్తే కనపడని అమైనో ఆమ్లాల జాబితా ఉంటుందని అందరికీ తెలుసు. అయితే ఆ జాబితాలో చేరేది క్రిస్టల్‌లో ఉండి కూడా కనపడని భాగం మాత్రమే. క్లోనింగ్‌లోనే కత్తిరించేసిన భాగం గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు. కాబట్టి ఫైల్‌లోని సీక్వెన్స్‌ని ప్రొటీన్ సీక్వెన్స్‌ల డేటాబేస్ యూనిప్రాట్‌లోని పూర్తి సీక్వెన్స్‌తో పక్కపక్కన పెట్టి చూడాలి. అయిదు నిమిషాల పని, దయచేసి మానకండి.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. పీఎస్ఎఫ్1ని తయారుచేసే జిన్స్1 జన్యువులో మార్పుల వల్ల రోగనిరోధక లోపం వచ్చి, ఎన్‌కే కణాలు (వైరస్ సోకిన కణాల్ని చంపే తెల్ల రక్తకణాలు) తగ్గిపోతాయని 2017లో బయటపడింది. ఆ మార్పుల్లో ఒకటి 83వ స్థానంలో ఉంది, ఇంకొకటి 152లో. మొదటిదాన్ని క్రిస్టల్‌లో పెట్టుకుని చూడొచ్చు. రెండోది సరిగ్గా తోక మొదలయ్యే దగ్గరుంది. రిజల్యూషన్ ఎంత బాగున్నా, లేని అణువు మీద మ్యుటేషన్ పెట్టలేరు కదా.

క్రయో-ఈఎమ్ స్ట్రక్చర్‌లో జిన్స్ ఒంటరిగా లేదు. ఆరు ఎమ్‌సీఎమ్‌లు, సీడీసీ45, జిన్స్ నాలుగు, మొత్తం పదకొండు ప్రొటీన్లు డీఎన్ఏని పట్టుకుని కనిపిస్తాయి. సీడీసీ45 పక్కన ఆనుకునే చోటు దొరికేసరికి పీఎస్ఎఫ్1 తోక కుదురుకుంటుంది. జిన్స్ పనిచేసే చోట ఎలా ఉంటుందో అలా చూపిస్తుంది కాబట్టే నా మొగ్గు దీనివైపు. సీడీసీ45తోనో ఎమ్‌సీఎమ్‌తోనో జిన్స్ కలిసే చోట మందు అణువు పెట్టాలనుకునేవాళ్లకు ఆ క్రిస్టల్స్‌తో పని కూడా జరగదు. ఫైల్ పెద్దది, హాస్టల్లో మామూలు ల్యాప్‌టాప్ మీద బరువే. స్ట్రక్చర్లు చూసే సాఫ్ట్‌వేర్ కైమెరాఎక్స్‌లో తెరిచి, కావలసిన చెయిన్లు (ఒక్కో ప్రొటీన్ ఒక్కో చెయిన్) మాత్రమే ఉంచి సేవ్ చేసుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: 3.29 అనేది సగటు, అంచుల్లో మ్యాప్ మసకగా ఉంటుంది. మీ బైండింగ్ సైట్ దగ్గర సైడ్ చెయిన్ మ్యాప్‌లో కూర్చుందో లేదో కళ్లారా చూసుకోండి.

క్రిస్టల్ గెలిచే సందర్భం ఒకటుంది. నాలుగు ప్రొటీన్లు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయన్నదే మీ ప్రశ్న అయితే 2ఈ9ఎక్స్‌కి తిరుగులేదు. ప్రతి ప్రొటీన్‌లోనూ రెండు డొమైన్లుంటాయి. ఎస్ఎల్‌డీ5, పీఎస్ఎఫ్1లలో హెలిక్స్‌ల డొమైన్ ముందు, బీటా డొమైన్ వెనుక. పీఎస్ఎఫ్2, పీఎస్ఎఫ్3లలో వరస తిరగబడుతుంది. ఇలాంటి రెండు జంటలు ఒకదానిమీదొకటి ఎలా అమరాయో, ఏ సైడ్ చెయిన్ దేనితో హైడ్రోజన్ బంధం కట్టిందో 2.3 దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఆ పనికి క్రయో-ఈఎమ్ ఫైల్ వాడమని నేను చెప్పను.

2007లోనే వచ్చిన మూడో క్రిస్టల్, 2ఈహెచ్ఓ, 3.0 ఆంగ్‌స్ట్రామ్‌లది. మొదటి రెండూ ఉండగా దాంతో పనిలేదు. సీక్వెన్స్ నుంచి ఆకారం అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే మోడల్ తోక ఆకారం చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ ఒక్కో ప్రొటీన్‌కి విడిగా ఉన్న మోడల్‌లో ఆ తోక కోర్ పక్కన ఏ దిక్కున నిలబడిందన్నది నమ్మకండి, లింకర్ దగ్గర కాన్ఫిడెన్స్ స్కోరు చూస్తే మీకే తెలుస్తుంది.

ఏది తీసుకున్నా థీసిస్ మెథడ్స్‌లో పీడీబీ కోడ్‌తో పాటు పీఎస్ఎఫ్1 ఎన్నో అమైనో ఆమ్లం దాకా ఉందో రాయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగినా అడగకపోయినా, మీ తర్వాత ఆ పని అందుకునే జూనియర్‌కి కావలసింది అదే.