కట్టెలకూ బొగ్గుకూ పనికివచ్చే బాయిలర్ పొయ్యి: కంబ్రియా ఇంట్లో కొన్నేళ్ళ వాడకం తరువాత

ఇంగ్లండు వాయవ్య మూలన ఉన్న కంబ్రియాలో, గ్యాసు పైపు రాని ఒక పల్లెలో మాది రాతిగోడల పాత ఇల్లు. ఇలాంటి ఊళ్ళలో ఇంటిని వెచ్చబరచుకోవడానికి చాలామంది కిరోసిన్‌తో నడిచే బాయిలర్ మీదే ఆధారపడతారు. 2019 శరత్కాలంలో మేము దానికి తోడుగా, కట్టెలూ పొగ రాని బొగ్గూ రెండూ కాల్చుకోగలిగిన ఒక బాయిలర్ పొయ్యిని పెట్టించుకున్నాము. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఊరి చివర పాత ఇళ్ళు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలు కొన్ని ఈ పొయ్యి గురించి నన్ను అడుగుతూ ఉండడంతో, ఇన్ని శీతకాలాలు వాడిన మీదట నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు; ఈ రకం పొయ్యి బాగా పనిచేయడం, చేయకపోవడం అన్నది కంపెనీ కంటే దాని వెనుక వేసిన పైపుల మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా గట్టి అభిప్రాయం.

మామూలు కట్టెల పొయ్యి తానున్న గదిని మాత్రమే వేడి చేస్తుంది. బాయిలర్ పొయ్యిలో నిప్పు మండే గూటికి వెనుకా పక్కలా నీళ్ళు నిండిన ఉక్కు గోడ ఉంటుంది. ఆ నీళ్ళు వేడెక్కి, గదులను వెచ్చబరిచే రేడియేటర్లకూ స్నానాల నీళ్ళ ట్యాంకుకూ వెళతాయి. మా పొయ్యి నిండుగా మండితే గదికి సుమారు 5 కిలోవాట్లు, నీళ్ళకు సుమారు 8 కిలోవాట్లు ఇస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు అంకెలనూ విడివిడిగా చూడాలి. మొత్తం ఎక్కువ ఉందని పెద్దది కొంటే గది ఉక్కపోతగా మారుతుంది. నీళ్ళ వాటా చాలకపోతే పైగదుల రేడియేటర్లు గోరువెచ్చగానే మిగిలిపోతాయి.

గ్యాసు బాయిలర్‌ను మీట నొక్కి ఆపవచ్చు. కట్టెల మంటను అలా ఆపలేము. గాలి కంతలు మూసినా నిప్పు చల్లబడడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపూ నీళ్ళు వేడెక్కుతూనే ఉంటాయి. పంపు ఆగిపోయిన సమయంలో ఆ వేడికి దారి లేకపోతే నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. అందుకే మా మేస్త్రీ ఈ పొయ్యి తాలూకు నీళ్ళను గాలికి తెరిచి ఉంచిన పద్ధతిలో బిగించాడు. అటక మీద ఒక చిన్న ట్యాంకు ఉంటుంది. పొయ్యి నుంచి ఒక పైపు, మధ్యలో ఎక్కడా కవాటం లేకుండా, ఆ ట్యాంకు పైకి వెళ్ళి వంగి అందులోకే తెరుచుకుంటుంది. నీళ్ళు వ్యాకోచించినా మరిగినా ఆ దారినే పోతాయి. ఆ పైపుకు ఎవరైనా కవాటం బిగిస్తామంటే ఒప్పుకోకూడదు.

పొయ్యికి నాలుగు పైపుల నోళ్ళు ఉన్నాయి. ఒక జతకు 28 మిల్లీమీటర్ల రాగి పైపులు వేసి, ఎక్కడా కిందికి వంగకుండా పైకే ఎక్కిస్తూ, పొయ్యికి సరిగ్గా పైన ఉన్న స్నానాల గదిలోని రేడియేటర్‌కు కలిపారు. వేడి నీళ్ళు తేలికై పైకి పోతాయి, చల్లారినవి బరువెక్కి కిందికి దిగుతాయి. పంపుతోనూ కరెంటుతోనూ పని లేకుండా ఈ తిరుగుడు సాగుతుంది. ఈ రేడియేటర్‌కు తిప్పి మూసే పిడి కూడా ఉండదు. రెండో జత పంపు ద్వారా 250 లీటర్ల నిల్వ ట్యాంకుకు వెళుతుంది. ఇంట్లోని మిగతా రేడియేటర్లూ కుళాయిల వేడి నీళ్ళూ ఆ ట్యాంకు నుంచే వేడిని తీసుకుంటాయి, కిరోసిన్ బాయిలర్ కూడా దానికే తన వేడిని చేరుస్తుంది. ఒత్తిడితో మూసి ఉన్న కిరోసిన్ బాయిలర్ నీళ్ళనూ, తెరిచి ఉన్న పొయ్యి నీళ్ళనూ నేరుగా కలపకూడదు కనుక, ట్యాంకు లోపలి చుట్ట గొట్టం రెండింటినీ వేరుగా ఉంచుతూ వేడిని మాత్రం ఇటు నుంచి అటు దాటిస్తుంది.

ఈ రెండో జతలో ఒక చిన్న కవాటం ఉంది. దాని ఖరీదు తక్కువ, అది చేసే మేలు చాలా ఎక్కువ. పొయ్యికి తిరిగి వచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీలకు చేరేదాకా అది ట్యాంకులోని చన్నీళ్ళను పొయ్యిలోకి రానివ్వదు. చన్నీళ్ళు నేరుగా వస్తే ఉక్కు గోడ చల్లబడి, పొగలోని చెమ్మ దాని మీద బొట్లుగా పేరుకుని, మసితో కలిసి నల్లని జిగట తారుగా మారుతుంది. ఆ తారు గీకితే రాదు, పైగా ఉక్కును లోలోపల తినేస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ కవాటం లేకుండా బిగించిన పొయ్యి బాయిలర్ కొద్ది ఏళ్ళకే చిల్లు పడింది. ధరల పట్టీ చేతికి వచ్చినప్పుడు ముందుగా ఈ కవాటం అందులో ఉందో లేదో వెతకమని అందరికీ చెబుతాను.

పొగగొట్టం, పొయ్యిని నిలబెట్టే వేదిక, గాలి కంత వంటి వాటికి ఇంగ్లండు భవన నిబంధనలలోని జె పత్రంలో కొలతలన్నీ ఉన్నాయి. మా పాత రాతి చిమ్నీలోకి 150 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించారు. అందులో 316, 904 అని రెండు రకాలు దొరుకుతాయి. బొగ్గు కాల్చేవారు 904 రకమే వేయించుకోవాలి, ఎందుకంటే బొగ్గులోని గంధకం చెమ్మతో కలిస్తే ఆమ్లమై గొట్టాన్ని కొరికేస్తుంది. పాత ఇళ్ళలో 5 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాటుకూ 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున ఎప్పుడూ తెరిచి ఉండే గాలి కంత ఉండాలి. మా 13 కిలోవాట్ల పొయ్యికి అది 4,400 చదరపు మిల్లీమీటర్లు అయింది. చలిగాలి వస్తోందని దానిని గుడ్డతో మూసేవారిని చూశాను. అది ప్రాణాల మీదికి వచ్చే పని. గాలి చాలని మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అందుకే అదే గదిలో దాని అలారం తప్పనిసరి చేశారు. ఇలాంటి పొయ్యిలు బిగించేవారిని నమోదు చేసే సంస్థ హెటాస్; అందులో నమోదైన మేస్త్రీ బిగిస్తే, నిబంధనల ప్రకారం బిగించినట్టు ధ్రువపత్రం ఆయనే ఇస్తాడు, లేకుంటే స్థానిక కౌన్సిల్ వారిని పిలిచి తనిఖీ చేయించుకోవాలి. ఇంటి బీమాకూ రేపు ఇల్లు అమ్మడానికీ ఆ పత్రం అవసరం. పైపులు, గొట్టం, ట్యాంకు, కూలి అన్నీ కలిపితే మాకు పొయ్యి ధరకు రెట్టింపు కంటే ఎక్కువే అయింది.

ఇంధనం విషయానికి వస్తే, కట్టెలను కొలిచే తీరు బరువు కాదు, చెమ్మ. 20 శాతం లోపు చెమ్మ ఉన్న కట్టె కిలోకు సుమారు 4 కిలోవాట్ అవర్ల వేడినిస్తుంది. పచ్చికట్టె అయితే తనలోని నీళ్ళను ఆవిరి చేసుకోవడానికే కొంత శక్తిని ఖర్చు పెడుతుంది, మంట చల్లబడి పొగ ఎక్కువవుతుంది. 2021 మే నుంచి ఇంగ్లండులో చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెలన్నీ 20 శాతం లోపు చెమ్మతోనే ఉండాలని నిబంధన వచ్చింది. అయినా నేను ప్రతి లోడులోనూ నాలుగు కట్టెలు తీసి, గొడ్డలితో నిలువునా చీల్చి, అప్పుడే తెరుచుకున్న లోపలి ముఖం మీద చెమ్మ మీటరు ముళ్ళు గుచ్చి చూస్తాను. పైముఖం ఎప్పుడూ ఎండినట్టే చూపుతుంది. తెగులు సోకి యాష్ చెట్లను దేశమంతటా నరికేస్తున్నందున ఆ కట్టె బాగా దొరుకుతోంది, చక్కగా మండుతుంది. ఓక్ కట్టె మంచిదే కానీ చీల్చి పేర్చాక రెండేళ్ళైనా ఎండాలి. బర్చ్ జోరుగా అంటుకుని అంతే త్వరగా అయిపోతుంది.

బొగ్గు అంటే ఏది పడితే అది కాదు. మన సింగరేణి బొగ్గులాగా మంటా పొగా ఎక్కువగా వచ్చే మామూలు బొగ్గును ఇళ్ళ కోసం సంచుల్లో అమ్మడం ఇంగ్లండులో 2021 మేలోనే ఆగింది, విడిగా అమ్మడం 2023 మేతో ఆగింది. ఇప్పుడు దొరికేవి సహజంగానే పొగ తక్కువగా వచ్చే గట్టి బొగ్గు ఆంత్రసైట్, పొగ రాకుండా తయారు చేసిన బొగ్గు ఉండలు. ఆంత్రసైట్ అంటుకోవడానికి మొండికేస్తుంది, అంటుకున్నాక రాత్రంతా నివురుగప్పిన నిప్పులా నిలుస్తుంది. పొద్దున్నే నిప్పు కిందున్న కమ్మీలను కదిపి గాలి వదిలితే మళ్ళీ రాజుకుంటుంది.

కట్టెలను, బొగ్గును మండించే తీరు పూర్తిగా వేరు. కట్టెకు పై నుంచి గాలి కావాలి, అడుగున ఒక అంగుళం మందాన బూడిద పరిచి ఉండాలి. బొగ్గుకు కింది కమ్మీల సందుల్లోంచి గాలి రావాలి, కనుక బూడిదను రోజూ దులిపి తీసేయాలి. బొగ్గు కాల్చేటప్పుడు కింది పళ్ళెంలో బూడిద కమ్మీలను తాకేదాకా పేరుకుంటే, వాటిని చల్లబరిచే గాలి ఆగిపోయి ఇనుప కమ్మీలు వంగిపోతాయి. రెండింటినీ కలిపి ఒకేసారి కాల్చడం వీలవుతుంది కానీ నేను చేయను. కట్టెలోని చెమ్మా బొగ్గులోని గంధకమూ కలిస్తే ఏమవుతుందో పైన చెప్పాను. పగలు కట్టెలు, బాగా గడ్డకట్టే రాత్రుల్లో మాత్రం బొగ్గు, ఇదీ మా ఇంటి పద్ధతి. కట్టెల బూడిదను తోటలో చల్లుకుంటాము, బొగ్గు బూడిదను మాత్రం మొక్కల దగ్గరికి పోనివ్వము.

రోజువారీ వాడకంలో పొయ్యి ఎంత పనిచేస్తుందో ఒక లెక్క చెబుతాను. 250 లీటర్ల నీళ్ళను 50 డిగ్రీలు పెంచడానికి సుమారు 14.5 కిలోవాట్ అవర్ల వేడి కావాలి. నీళ్ళకు 8 కిలోవాట్లు పోతుంటే అది దాదాపు రెండు గంటల పని, దానికి ఎనిమిది కిలోల ఎండుకట్టె ఖర్చవుతుంది. ఆ సేపూ హాలు వేడిగా ఉండడం అదనపు లాభం. సాయంత్రం ట్యాంకు నిండా వేడి చేసి పెట్టుకుంటే పొద్దున్న అందరి స్నానాలకూ కిరోసిన్ ముట్టుకోనక్కరలేదు. దీనికి ఓపిక మాత్రం ఉండాలి. మంట వెలిగించిన తొలి అరగంట ఇల్లు వెచ్చబడదు, వేడంతా ఉక్కు గోడలే తాగేస్తాయి.

మామూలు కట్టెల పొయ్యి అద్దంలా ఈ పొయ్యి అద్దం తళతళలాడుతుందని ఆశించకూడదు. మూడు వైపులా చల్లని నీళ్ళ గోడలుండడంతో మంట పూర్తి వేడికి చేరదు, అద్దం మసిబారుతుంది. తడి వార్తాపత్రిక ముక్కను మెత్తని బూడిదలో అద్ది రుద్దితే పోతుంది. దానికంటే ముఖ్యమైనది లోపలి గోడల మసి. పలుచగా పట్టినా అది వేడిని నీళ్ళకు చేరనివ్వదు. వారానికొకసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, గూటి లోపల మంటకు పైన ఉండే పలకను దించి, గోడలను తీగ బ్రష్షుతో గీకుతాను. గీకిన మర్నాడు నీళ్ళు వేడెక్కే వేగంలో తేడా థర్మామీటరు మీద కనిపిస్తుంది. పొగగొట్టాన్ని ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయిస్తాము.

2021 నవంబరు చివర అర్వెన్ తుఫాను వచ్చినప్పుడు ఉత్తర ఇంగ్లండులో వేల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు, కొన్ని చోట్ల వారం దాటింది. మా ఊరూ ఆ చీకట్లోనే ఉంది. కిరోసిన్ ట్యాంకు నిండా ఉన్నా, బర్నర్‌కూ పంపుకూ కరెంటు కావాలి కనుక ఆ బాయిలర్ ఎందుకూ పనికిరాలేదు. పొయ్యి మాత్రం వెలిగింది. స్నానాల గది రేడియేటర్ ఒక్కటే, అదీ ఒకటిన్నర కిలోవాట్లది, నీళ్ళ వేడినంతా మోయలేదు; అందుకని రెండేసి చిన్న కట్టెలే వేస్తూ, గాలిని బాగా తగ్గించి, నీళ్ళు 80 డిగ్రీలు దాటకుండా చూసుకున్నాము. పొయ్యి పైపలక మీద పప్పు నెమ్మదిగా ఉడికింది, అన్నం కుక్కర్ కూత వేయడానికి చాలాసేపు పట్టింది. పక్కింటి వృద్ధ దంపతులు పగలంతా మా హాలులోనే కూర్చున్నారు. పంపు లేకుండానే నీళ్ళు తిరిగే ఆ పైపుల జత లేకుండా, పంపు మీదే ఆధారపడేలా బిగించి ఉంటే ఆ రోజుల్లో ఈ పొయ్యిని వెలిగించే ధైర్యం చేసి ఉండేవాళ్ళం కాదు.

మా కిరోసిన్ వాడకం సగానికి పైగా తగ్గింది. 2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వెంటనే, కిరోసిన్ లీటరు ధర పౌండు దాటినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. అయితే కట్టెల ధరలూ ఆ తరువాత పెరిగాయి. కట్టె కొట్టుకోవడానికి ఒంట్లో సత్తువ, పేర్చుకోవడానికి గాలి ఆడే కొట్టం, రోజుకొక గంట సమయం లేనివారికి డబ్బు మిగులుతుందని నేను చెప్పను. పట్టణంలో ఉన్నవారికైతే ఈ పొయ్యి వద్దనే నా సలహా. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేలమందిని బలిగొన్న తరువాతే 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది, దాని కింద ఏర్పడిన పొగ నియంత్రణ ప్రాంతాలు నేటికీ చాలా పట్టణాల్లో ఉన్నాయి. అక్కడ అనుమతి పొందిన పొయ్యి గానీ అనుమతి ఉన్న ఇంధనం గానీ ఉండాలి. అన్నీ పాటించినా కట్టెల పొగలో సన్నని ధూళి ఉంటుంది, అది ఇరుగుపొరుగు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా పల్లెలో కూడా గాలి ఆడని సాయంత్రాల్లో, పొగ కిందికి దిగుతోందనిపిస్తే, మేము కిరోసిన్ బాయిలర్‌నే నడుపుతాము.

ఇన్నేళ్ళలో మార్చినవి తలుపు చుట్టూ ఉండే తాడు, గూటిలో వేడిని తట్టుకునే ఇటుకల్లో పగిలిన ఒకటి, పంపు. వసంతం ముగిశాక పొయ్యిని ఊరికే వదిలేయకూడదు. మసి వేసవి చెమ్మను పీల్చుకుని ఉక్కును తుప్పు పట్టిస్తుంది. బూడిదంతా ఎత్తేసి, గోడలు గీకి, లోపలి పలక మీద పేరుకున్న మసి దులిపి, గాలి ఆడేలా తలుపు ఓరగా తెరిచి ఉంచుతాము. అలారం బ్యాటరీ పరీక్ష, అటక మీది చిన్న ట్యాంకులో తేలే బంతి అతుక్కుపోలేదు కదా అని చూడడం సెప్టెంబరు పనులు. ఆ బంతి కదలకపోతే పైపుల్లో తగ్గిన నీళ్ళు తిరిగి నిండవు, కనుక తొలి మంట వెలిగించే ముందే నిచ్చెన వేసుకుని అటక ఎక్కాలి.