క్రూజ్ పేపర్లకి తిరుపతిలో ఒక ట్రావెల్స్ అంగడి: వీసాకి పోండి, హెల్త్ ప్యాకేజీ మాత్రం వద్దనండి

ముందే చెప్పేస్తా, వీసా పనికి ఐదుకి నాలుగున్నర, అరైవల్ కార్డుల (దేశంలోకి పోయే ముందు ఆన్‌లైన్లో నింపే ఫారాలు) పనికి మూడు, హెల్త్ టెస్టుల ప్యాకేజీకి సున్నా. అంగడి పేరు వెయ్యడం లేదు, ఎందుకంటే పని బాగా చేసినోడే, కానీ ఒక్క విషయంలో జనాలకి అనవసరంగా డబ్బు వదిలిస్తాండాడు, ఆ ఒక్కటీ తెలుసుకుని పోతే చాలు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు మేడ మీద చిన్న ఆఫీసు, కింద బండి పెట్టుకోను చోటు ఉండదు, సాయంత్రం పూట అయితే ఇంగ చెప్పక్కర్లేదు.

మాది సింగపూర్‌లో ఎక్కి మలేషియా పీనాంగ్ చూసుకుని మళ్ళీ సింగపూర్‌లోనే దిగే మూడు రాత్రుల క్రూజ్. మేము పోయిందేమో అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు, నేను. నాన్నకి గుండెలో స్టెంట్ ఉండాది, అమ్మకి షుగర్, మరదలు అప్పటికి కడుపుతో ఉంది. అందుకే మాకు వీసా కంటే హెల్త్ రూల్స్ గురించే ఎక్కువ భయం. దానికి తోడు మా వీధిలో ప్రతి ఒక్కరూ ఒక సలహా. ఒకాయన ఆర్‌టీపీసీఆర్ లేకుంటే షిప్పు మెట్లు కూడా ఎక్కనియ్యరు అంటాడు, ఇంకొకామె ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అంటుంది. వాళ్ళని అనేదానికి లేదు, 2020 ఫిబ్రవరిలో జపాన్ యోకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ షిప్పుని ఆపేసి, మూడు వేల ఏడు వందల మందిని లోపలే పెట్టింది అందరం టీవీలో చూసినాం కదా, ఏడు వందల మందికి పైగా కరోనా వచ్చింది ఆ షిప్పులో. తర్వాత రెండు మూడేళ్ళు షిప్పు ఎక్కాలంటే నిజంగానే టెస్టు రిపోర్టు కావాల్సొచ్చింది. కానీ సింగపూర్ వాళ్ళు 2023 ఫిబ్రవరి 13 నుంచే దేశంలోకి వచ్చేవాళ్ళకి కరోనా టెస్టు రూల్ మొత్తం తీసేసినారు, ఆ సంగతి మన దాకా ఇంకా రాలేదు అంతే.

సరే అంగడి విషయానికొస్తా. ఓనరు నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, పాస్‌పోర్టులు చేతికి ఇయ్యంగానే ముందు చూసింది ఎక్స్‌పైరీ డేటు. "స్వామీ, క్రూజ్ దిగినాక కూడా ఆరు నెలలు ఉండాల, పోయే రోజుకి ఆరు నెలలు ఉంటే చాలదు" అన్నాడు. తర్వాత పేర్లు. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరు అంతా కలిపి గివెన్ నేమ్‌లోనే ఉంటుంది, మన చిత్తూరు జిల్లాలో పాతకాలం పాస్‌పోర్టులు సగం ఇట్లాంటివే. క్రూజ్ బుకింగ్ సైటేమో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ముందుకు పోదు. తమ్ముడు ఏదో ఒకటి కొట్టేద్దాం అంటే ఈయన ఆపి, క్రూజ్ కంపెనీకి మెయిల్ పెట్టించి, వాళ్ళు చెప్పినట్టే ఫ్లైట్ టికెట్లోనూ క్రూజ్ టికెట్లోనూ ఒకే రకంగా వేయించినాడు. ఈ పనికి వేరే చార్జి తీసుకోలేదు.

ఫోటోల దగ్గర జరిగింది మాత్రం మర్చిపోలేను. సింగపూర్ వీసాకి 35 బై 45 మిల్లీమీటర్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండు, మూడు నెలల లోపల తీసిందే అయ్యుండాల. నాన్న పొద్దున్నే కపిలతీర్థం పోయి నుదుటి నిండా నామం పెట్టుకుని వచ్చినాడు. ఓనరు చూసి, "పెద్దాయనా, ఇది కొంచెం తుడుచుకుంటారా, అంత పెద్దగా ఉంటే ఫోటో వాపసు వస్తుందేమో" అన్నాడు. నాన్న కదలడే. గోవిందుడి నామం తుడిపించే దేశానికి నేను రానంటాడు. ఆయన గట్టిగా అన్లేదు, టేబుల్ సొరుగులోంచి చిన్న అద్దం, తిరుచూర్ణం డబ్బా తీసి ముందర పెట్టి, "ఫోటో అయిపోంగానే ఇక్కడే మళ్ళా పెట్టుకోండి స్వామీ, సామాను రెడీగా ఉంచినా" అన్నాడు. అంటే రోజూ ఇదే గొడవ అన్నమాట ఆ అంగట్లో! నాన్న తుడుచుకుని, ఫోటో దిగి, మళ్ళీ కుదురుగా నామం దిద్దుకునే దాకా వెనకాల లైన్లో ఉన్నోళ్ళు ఎవరూ ఒక్క మాట అన్లేదు. ఆ తర్వాత తమ్ముడిని అడిగినాడు, "పోయేలోపల కొండ మీద మొక్కు ఏమన్నా ఉందా" అని. ఉంది మరి, గుండు. అయితే వచ్చినాక కొట్టించుకో, ఫోటోలో జుట్టు, కౌంటర్లో గుండు అయితే వాళ్ళు ఇంకో రెండు సార్లు చూస్తారు, నీకెందుకు తలనొప్పి అన్నాడు. వేరే ఊర్లో ఏ ఏజెంటుకీ ఈ ప్రశ్న అడగాలని కూడా తోచదు.

ఇంగ అసలు పని. ఇండియా వాళ్ళకి సింగపూర్‌కి వీసా కావాల, ఫారం 14ఏ, ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, రిజెక్ట్ అయినా వాపసు రాదు. దాని మీద ఈయన చార్జి న్యాయంగానే ఉంది, చెన్నైలో అడిగిన దానికంటే తక్కువే. క్రూజ్ వాళ్ళకి ఇక్కడ ఒక మెలిక ఉండాది. మనం ఒకసారి ఫ్లైట్లో సింగపూర్‌లోకి పోతాం, షిప్పు ఎక్కితే దేశం దాటినట్టు, దిగినప్పుడు రెండోసారి లోపలికి పోయినట్టు. సింగిల్ ఎంట్రీ వీసా వస్తే దిగేటప్పుడు ఇరుక్కుంటాం. ఈయన ఫారంలో మల్టిపుల్ జర్నీ అని పెట్టి, కవరింగ్ లెటర్లో షిప్పు తేదీలు రాయించి, క్రూజ్ బుకింగ్ కాపీ జత చేసినాడు. ఈ-వీసాలు వచ్చినాక ప్రింటు తీసి, అందరి దాంట్లోనూ ఆ మల్టిపుల్ జర్నీ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి చూపించినాడు. నాలుగున్నర ఇచ్చింది ఈ గీతలకే. మలేషియాకి అయితే మనోళ్ళకి 2023 డిసెంబర్ నుంచి ముప్పై రోజుల లోపు వీసా అక్కర్లేదు.

వీసా ఒక్కటే చాలదు, అరైవల్ కార్డులు వేరే. సింగపూర్‌కి ఎస్‌జీ అరైవల్ కార్డు, మలేషియాకి ఎండీఏసీ. రెండూ ఆన్‌లైన్లో, రెండూ ఫ్రీ, ల్యాండ్ అయ్యే తేదీకి మూడు రోజుల లోపలే నింపాల, ముందే నింపుదామంటే తీసుకోదు. ఫుకెట్ పోయే షిప్పు అయితే థాయిలాండ్ వాళ్ళది టీడీఏసీ అని ఇంకొకటి, అది 2025 మే 1 నుంచి పెట్టినారు. గూగుల్లో కొడితే పైన వచ్చే యాడ్ సైట్లు డాలర్లు అడుగుతాయి జాగ్రత్త, సింగపూర్ ఇమిగ్రేషన్ ఐసీఏ సైట్లో పైసా అడగరు. మా ఓనరు కూడా డబ్బులు తీసుకోకుండా మా ఫోన్లలోనే నింపిచ్చినాడు, అది మెచ్చుకోవాల్సిందే. జ్వరం, దగ్గు లాంటివి ఉన్నాయా, ఈ మధ్య ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకి పోయొచ్చినారా అనే హెల్త్ ప్రశ్నలు కూడా ఆ కార్డులోనే ఉంటాయి. ఎల్లో ఫీవర్ గోల అంతా అక్కడిదే, ఆ దేశాలకి పోయొచ్చినోళ్ళకే ఆ సర్టిఫికెట్, తిరుపతి నుంచి నేరుగా చెన్నై పోయి సింగపూర్ ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి దాంతో పనే లేదు.

మరి మూడు స్టార్లే ఎందుకంటే, షిప్పు దిగి సింగపూర్‌లోకి వచ్చేటప్పుడు మళ్ళీ ఇంకో అరైవల్ కార్డు నింపాలని ఈయన చెప్పలేదు. మొదటిది మొదటి ఎంట్రీకే చెల్లుతుంది. పైగా మూడు రాత్రుల ట్రిప్పులో దిగే రోజుని కలుపుకుని మూడు రోజుల లెక్క వేస్తే, షిప్పు ఎక్కే రోజున కూడా అది నింపడం కుదరదు, నడిసముద్రంలో నింపాల, లేదంటే పీనాంగ్‌లో దిగినప్పుడు. షిప్పు వైఫై రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. క్రూజ్ యాప్‌లో నోటీసు పెట్టినారు కాబట్టి సరిపోయింది, పీనాంగ్‌లో కాఫీ తాగతా ఐదుగురివీ తమ్ముడే నింపేసినాడు. క్రూజ్ వీసాలు చేస్తాం అని బోర్డు పెట్టుకున్నోడు ఈ మాట చెప్పకుంటే ఎట్లా?

ఇప్పుడు సున్నా సంగతి. పేపర్లన్నీ అయినాక ఓనరు కాదు, కౌంటర్లో పిల్లోడు ఒక ల్యాబ్ స్లిప్పు చేతికిచ్చినాడు, క్రూజ్ ఫిట్‌నెస్ ప్యాకేజీ అంట, మనిషికి రెండు వేల పైచిలుకు, ఆర్‌టీపీసీఆర్, చెస్ట్ ఎక్స్‌రే, ఈసీజీ, షుగర్, ఇంకా ఏవో. ఏ షిప్పు వాళ్ళు అడిగినారు నాయనా, ఆ రూలు చూపించు అంటే, "అందరూ చేయించుకుంటాండారు సార్" అంటాడు. ఓనర్ని అడిగితే సేఫ్టీకి అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా కంప్యూటర్ వైపు చూస్తా అన్నాడు. నేను చేయించలేదు. క్రూజ్ కంపెనీ హెల్త్ పాలసీ పేజీ తీసి చదివినా, మెయిల్ కూడా పెట్టినా, టెస్టులేవీ అక్కర్లేదని జవాబు వచ్చింది.

వాళ్ళు నిజంగా చూసేది వేరే. మొదటిది కడుపుతో ఉన్నోళ్ళ సంగతి. పెద్ద క్రూజ్ కంపెనీల్లో ఎక్కువమంది పెట్టే రూలు ఏందంటే, ప్రయాణంలో ఏ రోజైనా 24వ వారంలో పడేటట్టుంటే ఎక్కనియ్యరు. మరదలికి ఇంకా టైము ఉండాది కాబట్టి డాక్టరు లెటర్ అడిగినారు. మా డాక్టరమ్మ మొదట ఫిట్ ఫర్ ట్రావెల్ అని ఒక్క ముక్క రాసిచ్చింది, దాంతో పని కాదు, కాన్పు తేదీ, ఇప్పుడు ఎన్నో వారం, తల్లీ బిడ్డా బాగున్నారు అనేది ఇంగ్లీషులో లెటర్‌హెడ్ మీద ఉండాల. మళ్ళీ రాయించుకొచ్చినాం. సింగపూర్ మెరీనా బే క్రూజ్ సెంటర్లో చెక్-ఇన్ అమ్మాయి ఆ లెటర్ని వేలు పెట్టుకుని లైను లైనూ చదివింది, తేదీ దగ్గర ఆగి క్యాలెండర్ చూసుకుని వారాలు లెక్క పెట్టింది, అప్పుడు షిప్పు ఎక్కే కార్డు ఇచ్చింది. చంటిబిడ్డలున్నోళ్ళు కూడా చూసుకోండి, మామూలుగా ఆరు నెలలు నిండాల, పొడుగు ట్రిప్పులకి ఏడాది.

రెండోది హెల్త్ క్వశ్చనేర్. జ్వరం ఉందా, ఈ రెండు మూడు రోజుల్లో వాంతులు, విరేచనాలు అయినాయా, ఇంతే. కడుపు సంగతి ఎందుకంత గుచ్చి అడుగుతారంటే నోరోవైరస్, షిప్పులో ఒకరికి వస్తే బఫే గరిటెల మీదుగా వందల మందికి పోతుంది. ఏమన్నా ఉందని రాస్తే షిప్పు నర్సు వచ్చి చూస్తుంది. అందుకని పోయే ముందు రోజు బయట తినకుండా ఉంటే మేలు, మా తమ్ముడు చెన్నైలో బిర్యానీ అంటే నేనే ఆపినా.

మన తిరుపతి ఫ్యామిలీ ఇంకొకరు అదే అంగట్లో చేయించుకుని అదే షిప్పుకి వచ్చినారు, పెద్ద ప్లాస్టిక్ ఫైల్లో ఎక్స్‌రేలు, రిపోర్టులు అన్నీ పట్టుకుని. కౌంటర్లో ఫైలు ముందుకు తోస్తే ఆ అమ్మాయి నవ్వి పాస్‌పోర్టు మాత్రం తీసుకుంది. మూడు రోజులూ ఆ ఎక్స్‌రే కవరు వాళ్ళ రూములోనే పడుండాది.

ఆ డబ్బు ఇన్సూరెన్స్‌లో పెట్టండి. షిప్పు ఆసుపత్రిలో బిల్లు డాలర్లలో పడుతుంది, మన ఆరోగ్య కార్డులేవీ అక్కడ పని చెయ్యవు. స్టెంట్, షుగర్, బీపీ దాచకుండా చెప్పి పాలసీ తీసుకోవాల, దాస్తే క్లెయిమ్ రాదు. మందులు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోవాల, పెద్ద పెట్టె క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. నిద్రమాత్రలు, కొడీన్ ఉండే దగ్గు మందులు ఉంటే సింగపూర్‌లోకి తీసుకుపోయే ముందు వాళ్ళ రూల్స్ చూసుకోండి, కొన్నిటికి ముందే పర్మిషన్ కావాల. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్ అయితే అస్సలు వద్దు, అక్కడ నిషేధం. ఇది మాత్రం ఓనరు మర్చిపోకుండా అందరికీ చెప్తాడు, గోడ మీద తెలుగులో రాసి కూడా పెట్టినాడు.

మధ్యాహ్నం రెండు లోపల పోతే రద్దీ ఉండదు, ఫోన్ ఎత్తడు కానీ వాట్సాప్‌కి జవాబిస్తాడు. వచ్చే సెలవుల్లో మా చిన్నాన్న వాళ్ళు చిత్తూరు నుంచి ఇదే ట్రిప్పుకి పోతాండారు, వాళ్ళని కూడా ఈయన దగ్గరికే పంపిస్తాండా, రెండో అరైవల్ కార్డు సంగతి చెప్పి, ల్యాబ్ స్లిప్పు ఇస్తే టేబుల్ మీదే వదిలేసి రమ్మని.